టీబీ పోయాక మిగిలిన దగ్గు

టీబీకి ఆరు నెలలు మందులు సక్రమంగా వాడారు. కళ్ళె పరీక్షలో క్రిములు లేవన్నారు, కోర్సు అయిపోయిందన్నారు. అయినా ఏళ్ల తరబడి పొద్దున లేవగానే దగ్గు, అరకప్పు కళ్ళె, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ముసురు పట్టినప్పుడల్లా జ్వరం. విశాఖపట్నంలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికైనా, కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)కైనా ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. ఒకరోజు కళ్ళెలో రక్తపు చార కనబడేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్. టీబీ తిరగబెట్టిందా? అప్పుడు కొందరికి సరైన పరీక్ష లేకుండానే, పాత ఎక్స్‌రే మచ్చ చూసి టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టేస్తారు.

ఈ దగ్గుకి తరచుగా కారణం టీబీ చేసి వెళ్లిన నష్టమే. దాన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు దెబ్బతిని, సాగి, శాశ్వతంగా వెడల్పైపోతాయి. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే ఈ జబ్బును వర్ణించాడు.

ఆరోగ్యంగా ఉన్న గాలి గొట్టం లోపలి గోడకి సిలియా అనే అతి సన్నని నూగు ఉంటుంది. అది సెకనుకి పది పదిహేనుసార్లు కదులుతూ, తన మీదున్న పలచటి జిగురు పొరను గొంతు వైపు నెడుతుంది. పీల్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురుకి అంటుకుని పైకొస్తాయి, మనకు తెలియకుండానే మింగేస్తాం. పోర్టులో ఖనిజం మోసే కన్వేయర్ బెల్టు లాంటి ఏర్పాటిది. బెల్టు తెగితే సరుకు ఎక్కడిదక్కడ గుట్ట పడుతుంది. నిలవున్న కళ్ళెలో బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. ఆ ఎంజైము క్రిములతో ఆగదు, గొట్టం గోడనీ కొరికేస్తుంది. గోడ ఇంకాస్త సాగుతుంది, కళ్ళె ఇంకాస్త నిలుస్తుంది. 1986లో పీటర్ కోల్ అనే వైద్యుడు దీన్ని విషవలయంగా వివరించాడు. ఇవాళ చేసే వైద్యమంతా ఆ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచే ప్రయత్నమే.

పాశ్చాత్య దేశాల్లో చాలామందికి ఈ జబ్బు ఎందుకొచ్చిందో తేలదు. మన దగ్గర లెక్క వేరు. 2019లో అచ్చయిన భారతీయ రిజిస్ట్రీలో 31 కేంద్రాల నుంచి 2195 మంది రోగుల వివరాలు చూస్తే, 35.5 శాతం మందికి మూలం టీబీయే. టీబీ ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగాన్ని పాడుచేస్తుంది. పైభాగంలోని కళ్ళె, మనిషి కూర్చున్నా నిలబడ్డా దానంతటదే పెద్ద గాలి గొట్టం వైపు కిందికి జారిపోతుంది. అందుకే ఇలాంటివాళ్లలో కొందరికి కళ్ళె పెద్దగా ఉండదు. పాడైన గొట్టాల చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు చిట్లినప్పుడు నెత్తురే మొదట కనబడుతుంది. చార పడిందంటే టీబీ వచ్చిందనే కాదు, అలాగని కొట్టిపారేయకూడదు కూడా. కళ్ళె పరీక్ష చేయించాలి. పాత టీబీ రోగిలో చచ్చిన క్రిముల డీఎన్ఏ వల్ల కూడా, టీబీ క్రిమి డీఎన్ఏను పట్టే సీబీనాట్ పరీక్ష పాజిటివ్ రావచ్చు. కాబట్టి బతికున్న క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షకి కూడా పంపితేనే తిరగబెట్టిందో లేదో తేలుతుంది. గుక్కెడు గుక్కెడుగా నెత్తురు పడితే మాత్రం పరీక్షల ఆలోచన తర్వాత, ముందు ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూసేసే పద్ధతి ఉంది.

జబ్బు ఉందో లేదో తేల్చేది సీటీ స్కాన్. అందులో గాలి గొట్టం, పక్కనే ఉన్న రక్తనాళం కంటే లావుగా కనబడుతుంది. టీబీ చరిత్ర లేనివాళ్లలో కారణం వెతకడం దండగ పని కాదు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రేపే అలర్జీయో, రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్ల (క్రిములతో పోరాడే ప్రోటీన్ల) లోపమో బయటపడితే వాటికి విడిగా వైద్యం ఉంది.

ఇక అసలు వైద్యం దగ్గరికొద్దాం. చీటీలో ఎన్ని మాత్రలున్నా, రోజూ కళ్ళె బయటికి తీయడమే ఇందులో సగానికి పైగా పని. మన ఓపీల్లో దీనికి దొరికే సమయం అర నిమిషం. రోగిని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపేవాళ్లు తక్కువ, పంపినా వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. నన్నడిగితే, మందుల షాపుకంటే ముందు వెళ్లాల్సింది అక్కడికే.

పద్ధతి ఇదీ. నిటారుగా కూర్చుని, భుజాలు వదులు చేసి, కాసేపు మామూలుగా ఊపిరి తీయాలి. తర్వాత మూడు నాలుగుసార్లు నిండుగా గాలి పీల్చి, లోపల రెండు మూడు సెకన్లు ఆపి, మెల్లగా వదలాలి. ఆ ఆపిన క్షణాల్లో గాలి పక్క దారుల గుండా కళ్ళె వెనక్కి చేరుతుంది. మళ్లీ కాసేపు మామూలు ఊపిరి. ఆ తర్వాత నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి ఊదినట్టు గొంతు తెరిచే ఉంచి ‘హా’ అని గట్టిగా వదలాలి. దీన్ని హఫ్ అంటారు. లోతున ఉన్న కళ్ళెకి మధ్యస్థంగా పీల్చి పొడుగ్గా వదిలే హఫ్, పైకొచ్చిన దానికి నిండుగా పీల్చి పొట్టిగా వదిలే హఫ్. కళ్ళె గొంతు దాకా వచ్చాక ఒక్క దగ్గు చాలు. మొదటి నుంచీ పొట్ట పట్టుకుని దగ్గుతూ పోతే గొట్టాలు నలిగి మూసుకుపోతాయి, మనిషి అలిసిపోతాడు, కళ్ళె మాత్రం కదలదు. పది నుంచి ఇరవై నిమిషాలు, రోజుకి ఒకటి రెండుసార్లు. కింది భాగాలు పాడైనవాళ్లకి నడుము కింద దిండ్లు పెట్టి పడుకోబెడతారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పుల్లటి తేన్పులు వచ్చేవాళ్లు ఆ భంగిమ జోలికి పోకూడదు.

ఊదే పరికరాలు కొనలేనివాళ్లకి ఓ సులువు మార్గముంది. సీసాలో పది సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం అడుగుదాకా దించి, అందులోంచి బుడగలు వచ్చేలా మెల్లగా ఊదాలి. ఆ ఎదురు ఒత్తిడి గొట్టాలను తెరిచి ఉంచుతుంది. ఏ గొట్టం వాడాలో, ఎంతసేపు ఊదాలో ఫిజియోథెరపిస్టు చూపిస్తారు. నీళ్లు రోజూ మార్చి, సీసా కడిగి ఆరబెట్టాలి. తడిలో సూడోమోనాస్ అనే క్రిమి హాయిగా పెరుగుతుంది. ఈ రోగులకి ఒకసారి పట్టుకుంటే వదలని క్రిమి అదే.

ఉప్పు నీటి నెబ్యులైజేషన్, అంటే ఉప్పు నీళ్లను మెషీన్‌తో తుంపరగా మార్చి పీల్చడం గురించి చాలామంది అడుగుతారు. 7 శాతం దాకా ఉండే ఆ ఉప్పు నీళ్లు కళ్ళెను పలచబరుస్తాయి. కొందరికి ఛాతీ బిగుసుకుపోతుంది కాబట్టి మొదటి డోసు డాక్టరు ఎదుటే తీసుకోవాలి. 2025లో వెలువడిన బ్రిటన్ ట్రయల్లో మాత్రం దీనివల్ల జబ్బు ముదిరే సందర్భాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కళ్ళె బాగా జిగటగా ఉండి, వాడితే సులువుగా వస్తోందనిపించినవాళ్లు కొనసాగించవచ్చు, అందరూ కొనక్కర్లేదు. బీచ్ గాలిలో ఉప్పుంటుంది, అది చాలదా అంటారు కొందరు. చాలదు. కానీ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మంచిదే. ఆయాసం వచ్చేంత నడిస్తే లోతుగా ఊపిరి ఆడి కళ్ళె కదులుతుంది. పోర్టు దుమ్ము పడే పాతబస్తీ వైపు ఉండేవాళ్లు మాస్కు పెట్టుకోవడం మేలు.

మాత్రల్లో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కథ వేరు. ఏడాదికి మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు ముదిరేవాళ్లకి దాన్ని వారానికి మూడురోజుల చొప్పున నెలల తరబడి ఇస్తారు. 2012లో వచ్చిన న్యూజిలాండ్ ట్రయల్లో ఇలా ఇస్తే ముదరడం తగ్గింది. క్రిముల్ని చంపడం కంటే వాపును తగ్గించడం వల్లే అది పనిచేస్తుందనుకుంటున్నారు. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయాలి, వినికిడి ఎలా ఉందో చూడాలి, కళ్ళెలో టీబీ కాని మైకోబ్యాక్టీరియా (టీబీ క్రిమి జాతికే చెందిన వేరే క్రిములు) లేవని తేల్చుకోవాలి. షాపులో అడిగి మూడు మాత్రలు మింగే అలవాటుకీ దీనికీ సంబంధం లేదు. లెవోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను అలా మింగడం ఇంకా ప్రమాదం, నిజంగా టీబీ ఉంటే అది కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది.

దగ్గు, కళ్ళె, ఆయాసం రెండు రోజులకి మించి పెరిగి, కళ్ళె పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగితే యాంటీబయాటిక్ కావాలి. మొదటి మాత్ర వేసుకోకముందే కళ్ళె కల్చర్‌కి ఇవ్వాలి. సాధారణంగా కోర్సు పద్నాలుగు రోజులు, మామూలు జలుబు దగ్గులకిచ్చే అయిదు రోజులు సరిపోవు.

వలయాన్ని ఎంజైము దగ్గరే తెంచే మందు ఇన్నాళ్లకి వచ్చింది. బ్రెన్సోకాటిబ్ అనే రోజువారీ మాత్ర, ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్ క్రియాశీలం కాకుండా ఆపుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని 2025 ఆగస్టులో ఆమోదించింది. ఈ జబ్బుకని అక్కడ అనుమతి పొందిన మొదటి మందు ఇదే. ట్రయల్లో ఏడాదికి సగటున 1.29సార్లు ముదిరే జబ్బు, మాత్రను రెండు వేర్వేరు మోతాదుల్లో వేసుకున్నవాళ్లలో 1.02, 1.04సార్లకి తగ్గింది. అంటే అయిదో వంతు తగ్గుదల. సాగిన గొట్టాన్ని అది వెనక్కి తేలేదు, పొద్దుటి కళ్ళెను బయటికి తీసే పనీ చేయదు.