డ్రాయింగ్ టీచర్ కోర్సు: మన సరిహద్దు ఊళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

పది, పన్నెండు ఫలితాలు వచ్చాయంటే చాలు, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు తెలుగు ఇళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే మాట. "సార్, మా పిల్ల బొమ్మలు మంచిగ గీస్తది. తెలంగాణల టీటీసీ చేపిస్తే డ్రాయింగ్ టీచర్ నౌకరీ వస్తదట కద, నలభై రెండు రోజులే నట!" టీటీసీ అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి పిల్లలు పోగొట్టుకున్న ఏళ్లు చూస్తే కడుపు మండుతుంది.

అపోహ: టీటీసీ ఉంటే అటైనా ఇటైనా ఉద్యోగం ఖాయం.

వాస్తవం: టీటీసీ తెలుగు రాష్ట్రాల దారి. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసయ్యాక వేసవిలో చేసే 42 రోజుల శిక్షణ అది. మహారాష్ట్ర బడులు అడిగేది ఏటీడీ (ఆర్ట్ టీచర్ డిప్లొమా), అంటే కళా సంచాలనాలయం (ఆ రాష్ట్ర కళావిద్యా శాఖ) గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్ల డిప్లొమా. ఆపైన ఆర్ట్ మాస్టర్ అనే పై కోర్సు ఉంటే ఇంకా మంచిది.

సర్టిఫికెట్ ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. అసలు దెబ్బ స్థానికత దగ్గర తగులుతుంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికులా కాదా అన్నది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో చూసి తేలుస్తారు. టీటీసీ ఎక్కడ చేశారన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఇక్కడి జిల్లా పరిషత్ బడిలో మరాఠీ మీడియంలో చదివిన పిల్లలకు మిగిలేది ఆ 5 శాతం, అందులోనూ అందరితో పోటీ.

మా పక్క ఊరి అమ్మాయి ఒకతె లోయర్, హయ్యర్, టీటీసీ అన్నీ పూర్తి చేసి ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చేయి చక్కటిది, తెలివైన పిల్ల. దరఖాస్తులో బోనఫైడ్‌లు, అంటే ఏ బడిలో చదివారో చెప్పే పత్రాలు అడిగేదాకా ఈ సంగతి ఎవరూ చెప్పలేదట. అన్నీ చూసుకుంటామని డబ్బు తీసుకున్న ఏజెంటు కూడా చెప్పలేదు. వాళ్ల నాన్న "పెండ్లి అటు దిక్కే చేస్తున్నం సార్, అప్పుడు లోకల్ అయితది కద" అన్నారు. కాదు. పెళ్లి చేసుకుని నిజామాబాద్‌లో కాపురం పెట్టినా చిన్నప్పుడు చదివిన బడి మారదు కదా. ఆ మాట ఆయన ముఖం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఏటీడీ చదువుతోంది, వయసులో తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుని.

ఎస్సీ, ఎస్టీ రిజర్వేషను కూడా సరిహద్దు దాటదు. ఒక రాష్ట్రంలో ఇచ్చిన హోదాతో ఇంకో రాష్ట్రంలో రిజర్వేషను అడగలేరని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది.

అందుకే ముందు ఏ రాష్ట్రపు బడిలో పని చేయాలో తేల్చుకోండి, కోర్సు సంగతి ఆ తర్వాత. బోధన్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా అక్కడే చదివిన పిల్లలు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లకు టీటీసీ సరైన దారే. నిజామాబాద్ ప్రైవేటు బడులు చాలనుకునే వాళ్లకూ అది పనికొస్తుంది. మిగతావాళ్లు కంగారుపడి ఫీజు కట్టకండి. ఆ ఏటి ఉద్యోగ ప్రకటన తెచ్చి నాకు చూపించండి, కూర్చుని చదువుదాం.

అపోహ: మహారాష్ట్రలో పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు పాసైతే టీచర్ అయినట్టే.

వాస్తవం: అవి బడి పిల్లలు రాసే పరీక్షలు. స్మరణచిత్రం (గుర్తుంచుకుని గీసే బొమ్మ), సంకల్పచిత్రం (డిజైన్), భూమితి (జ్యామితి), అక్షరలేఖనం మీద చేయి తిరుగుతుంది. ఇంటర్మీడియట్ గ్రేడ్‌కు పదో తరగతిలో అదనపు మార్కులూ వస్తాయి. అంతవరకే. పాఠం చెప్పడం వాటిలో ఎక్కడా లేదు.

అపోహ: బొమ్మ బాగా వేస్తే చాలు, శిక్షణ ఎందుకు?

వాస్తవం: నేను ఏటీడీ చదివేటప్పుడు మా బ్యాచ్‌లో అందరికంటే బాగా పోర్ట్రెయిట్ వేసే కుర్రాడు ప్రాక్టీస్ పాఠానికి ఆరో తరగతిలో నిలబడ్డాడు. పిల్లలకు వీపు పెట్టి పీరియడ్ అంతా బోర్డు మీద నెమలిని దిద్దాడు. అద్భుతంగా వచ్చింది, పిల్లల కాగితాలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. మా మాస్టారు ఆ నెమలిని చెరిపించి, బోర్డుకు పక్కగా నిలబడి నాలుగు గీతల్లో పిచ్చుక వేయమన్నారు. ప్రతి గీత దగ్గరా ఆగి, పిల్లలు గీశాకే తర్వాతి గీత వేయమన్నారు. వెనక బెంచీ పిల్లాడు కూడా తన పిచ్చుకను పైకెత్తి చూపించాడు. శిక్షణలో నేర్పేది ఇదే.

అపోహ: ప్రతి బడిలో పర్మనెంట్ డ్రాయింగ్ పోస్టు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు వంద దాటిన బడికి కళావిద్య కోసం చెప్పింది పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్‌నే. పర్మనెంట్ పోస్టులు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. ఇంట్లో వాళ్లకు ఈ సంగతి అడ్మిషన్ రోజే చెప్పండి.