గోల్‌కీపింగ్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అద్దె టర్ఫుల్లో (కృత్రిమ గడ్డి మైదానాల్లో) శని, ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడే తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తున్నారు. గోల్‌కీపర్ మాట వచ్చేసరికి మాత్రం గట్టు మీద పాత కబుర్లే.

అపోహ: పరుగెత్తలేనివాణ్ని గోల్‌లో నిలబెట్టాలి.
వాస్తవం: 1956, 1960 ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ కీపర్ పీటర్ తంగరాజ్ మొదట్లో సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడు. పైగా 1992 నుంచి, తనవాళ్లు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను కీపర్ చేత్తో ముట్టకూడదు. కాళ్లు ఆడనివాడికి అక్కడ చోటు లేదు.

అపోహ: ఎంత దూరం దూకితే అంత గొప్ప కీపర్.
వాస్తవం: గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. బంతికీ గోల్ మధ్యకీ సూటిగా ఉన్న గీత మీద నిలబడితే చాలా షాట్లకు దూకే పనే ఉండదు. అవతలివాడు తన్నే క్షణానికి రెండు పాదాలూ నేల మీదుండాలి. అప్పటికింకా అడుగు వేస్తుంటే బరువంతా ఒక కాలి మీదే ఉండి, రెండో పక్కకు కదల్లేడు.

దూకక తప్పనప్పుడు బంతి వైపు కాలు ఏటవాలుగా ముందుకే పడాలి. వెనక్కి పడితే చేతికి తగిలిన బంతి కూడా గోల్‌లోకే పోతుంది. నేలకు మొదట పిక్క పక్కభాగం, తర్వాత తొడ, తుంటి, చివరికి భుజం ఆనాలి. మోచెయ్యి ముందు తగిలితే బంతి జారిపోతుంది, భుజానికీ దెబ్బే. పిల్లలకు ముందు కూర్చోబెట్టి, తర్వాత మోకాళ్ల మీద, ఆపైన గొంతుక్కూర్చోబెట్టి, అప్పుడు నిలబెట్టి నేర్పాలి. టర్ఫ్ మీదైతే పొడవాటి టైట్స్ వేయించండి, లేకుంటే తుంటి దగ్గర చర్మం లేచిపోతుంది.

అపోహ: ఖరీదైన గ్లవ్స్‌కు బంతి అతుక్కుంటుంది.
వాస్తవం: గ్లవ్స్ అరచేతికి వాడే మెత్తటి లేటెక్స్ (రబ్బరు) పట్టు బాగుంటుంది గానీ టర్ఫ్ మీద త్వరగా చిరుగుతుంది. ప్రాక్టీసుకు గట్టిరకం చాలు. ఆటకు ముందు కాస్త తడపండి, అయ్యాక కడిగి నీడలో ఆరేయండి.

అపోహ: ముప్ఫై దాటితే కీపర్ పని అయిపోయినట్టే.
వాస్తవం: ఇటలీ 1982 ప్రపంచకప్ గెలిచినప్పుడు కీపర్ డీనో జోఫ్ వయసు 40.

అపోహ: బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడు.
వాస్తవం: ఆడేటప్పుడు ఒళ్లు దానంతటదే చేసిన పనిని, నేర్పేటప్పుడు ముక్కలుగా విడదీసి చూపాలి. ఏఐఎఫ్ఎఫ్ (ఆలిండియా ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ లైసెన్సుల్లో డీ, సీ, బీ, ఏ అంటూ మెట్లున్నాయి, గోల్‌కీపింగ్ కోర్సులు వేరే. కొత్తగా కోచ్ అయినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఆరు గజాల నుంచి ఊపిరి తీసుకోనివ్వకుండా ఇరవై షాట్లు కొట్టడం. రీల్‌కు బాగుంటుంది! అలసిన కీపర్ మాత్రం పాదాలు సర్దుకోవడం మానేసి, ఆ తప్పునే అలవాటు చేసుకుంటాడు. 16 మీటర్ల నుంచి ఐదారు షాట్లు, నిమిషం విశ్రాంతి, మళ్లీ ఐదారు. చివరి అరగంట కీపర్లను జట్టులో కలపండి. క్రాస్‌కు (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టిన బంతికి) బయటికి రావాలా, గోల్ గీత మీదే ఆగాలా అన్నది డిఫెండర్లు చుట్టూ ఉన్నప్పుడే తెలిసొస్తుంది.