పెన్ను ఆగిన చోట

చిరంజీవులకు,

తొమ్మిదో తరగతి, పదో తరగతి చదువుతున్న మీ అందరికీ ఆశీస్సులు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. ఇప్పటికీ సాయంత్రమైతే మా వీధి పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని మా వరండాలోకి వస్తారు. వాళ్లను దగ్గర నుంచి చూస్తుంటే నా మనసులో పడిన ఒక విషయం మీకూ చెప్పాలనిపించింది.

ఫోన్‌తో టైమ్ వేస్ట్ చేస్తున్నారని ఇంట్లో మీకు రోజూ పడే తిట్లు నాకు తెలుసు. గంటలు పోతున్నమాట నిజమే. అంతకంటే నన్ను కలవరపెడుతున్నది ఇంకొకటి ఉంది. మీరు చదువుకునేటప్పుడు ఆ ఫోన్ ఏ క్షణంలో చేతిలోకి వస్తోందో గమనించారా?

త్రికోణమితిలో మీకు తప్పకుండా ఎదురయ్యే లెక్క ఒకటి తీసుకుందాం. నేలమీద ఒకచోట నిలబడి టవర్ కొనను చూస్తే ఊర్ధ్వకోణం 30 డిగ్రీలు. టవర్ వైపు 30 మీటర్లు నడిచి చూస్తే 60 డిగ్రీలు. టవర్ ఎత్తెంత? బొమ్మ గీస్తారు. ఎత్తు తెలియదు. టవర్ మొదలుకి ఇంకెంత దూరం ఉందో అదీ తెలియదు. పెన్ను ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. మెసేజ్ ఏమైనా వచ్చిందేమో ఒక్కసారి చూద్దామని తీస్తారు. అక్కడి నుంచి ఒక రీల్, దాని కింద ఇంకొకటి.

పక్కన ఫోన్ లేని అమ్మాయి అదే లెక్క దగ్గర ఏం చేస్తుందో చూడండి. కాసేపు విసుక్కుంటుంది. బొమ్మ కొట్టేసి ఇంకాస్త పెద్దగా గీస్తుంది. ఇచ్చిన కోణాలు మళ్లీ వేస్తుంది. ఉన్నట్టుండి కనిపిస్తుంది: త్రిభుజాలు రెండైనా రెండింటికీ ఎత్తు ఒక్కటే! ఆ ఎత్తును రెండు త్రిభుజాల్లోంచి రెండు రకాలుగా రాసి సమానం చేస్తే, మిగిలిన దూరం 15 మీటర్లు. ఎత్తు 15 రూట్ 3, అంటే దాదాపు 26 మీటర్లు. ఆ అమ్మాయి లెక్క నేర్చుకున్నది జవాబు వచ్చినప్పుడు కాదు, విసుక్కుంటూ బొమ్మ ముందు కూర్చున్న ఆ కాసేపట్లో. రేపు పరీక్షలో టవర్ తీసేసి కొండ ఇచ్చినా, నడిచే మనిషిని తీసేసి కారు ఇచ్చినా తడబడదు. సోషల్ మీడియా మీ దగ్గర తీసుకుంటున్నది ఆ కాసేపటినే. నా బాధంతా దాని గురించే.

"రెండు నిమిషాలు చూసి మళ్లీ లెక్క దగ్గరికి వచ్చేస్తాం కదా టీచర్" అంటారు మా పిల్లలు. మనిషి వస్తాడు, మనసు మొత్తంగా రాదు. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే, దృష్టిలో కొంత వెనకటి పని దగ్గరే మిగిలిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఆమె పరిశీలించింది పెద్దవాళ్లను. మీ సంగతి వేరుగా ఉంటుందని నేను అనుకోను. మీ ఫొటో కింద ఫ్రెండ్ పెట్టిన కామెంట్ చదివి వచ్చి కూర్చుంటే, కళ్లు టవర్ మీద ఉన్నా లోపల ఆ మాటే తిరుగుతుంది. లెక్క మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవాలి.

ఇందులో మీ మనసు గట్టిది కాదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పాఠానికి చివర ఉంది, సినిమాకి శుభం కార్డు ఉంది. రీల్స్‌కి అది లేదు. తెర ఎంత జరిపినా కింద ఇంకా వస్తూనే ఉండే పద్ధతిని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్, దానివల్ల జరిగింది చూసి తర్వాత తానే బాధపడ్డాడు. ఆపడం కష్టమయ్యేలా కట్టినదాన్ని పద్నాలుగేళ్ల పిల్లలు ఒంటిచేత్తో ఆపాలనడం అన్యాయం. అందుకే పెద్దవాళ్ల సాయం అడగండి, సిగ్గుపడకండి.

ఇంకో రకం పిల్లలున్నారు. వాళ్లు రీల్స్ చూడరు, లెక్క రాకపోతే వెంటనే వీడియో పెట్టుకుంటారు. "అన్నయ్య చెప్తుంటే మొత్తం అర్థమైపోయింది టీచర్" అంటారు. సరే, ఇప్పుడు తెల్ల కాగితం మీద చెయ్యి అంటే రెండో మెట్టు దగ్గర ఆగిపోతారు. అర్థమైనట్టు అనిపించడం వేరు, రావడం వేరు. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం చదవమని ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు కాగితం పక్కనపెట్టి, గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే తలకిందులైంది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ పరీక్షలు ఐదు నిమిషాల్లో రావు కదా! వీడియో చూడండి, తప్పులేదు. చూశాక దాన్ని మూసేసి మొత్తం మీ చేత్తో చేయండి.

మా వరండాలో తరచూ వచ్చే వాదన ఒకటుంది: "మా క్లాస్ ఫస్ట్ వచ్చేవాడు రోజంతా ఇన్‌స్టాలోనే ఉంటాడు." ఉండొచ్చు. బర్మింగ్‌హామ్, లండన్, లెస్టర్, మాంచెస్టర్ నగరాల్లో ఫోన్లను నిషేధించిన స్కూళ్ల ఫలితాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2015లో ప్రకటించారు. బాగా చదివే పిల్లల మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. చదువులో వెనకబడ్డ పిల్లల మార్కులే గట్టిగా పెరిగాయి. ఈ సంగతి నన్ను ఎంతగానో పట్టుకుంది. ఫోన్ అందరి దగ్గరా సమానంగా తీసుకోవడం లేదు. ట్యూషన్ లేని, ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లల దగ్గరే ఎక్కువ తీసుకుంటోంది. క్లాస్ ఫస్ట్‌ని చూసి మీరు లెక్కలేసుకోకండి.

హోమ్‌వర్క్ కూడా వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది, ఏం చేయమంటారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఊళ్లలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల గురించి 2024 అసర్ (పల్లె పిల్లల చదువుల మీద చేసే సర్వే) నివేదిక చెప్పిందీ ఇదే. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లలో, ఆ ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. రెండూ ఒకే ఫోన్‌లో. కాబట్టి హోమ్‌వర్క్ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని, ఫోన్ తీసుకెళ్లి వేరే గదిలో పెట్టండి. ఒకటే గది ఉన్న ఇల్లయితే అమ్మకివ్వండి. సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లిస్తే చాలదా అంటే, 2017లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగంలో ఫోన్ బల్ల మీదున్నవాళ్ల కంటే పక్క గదిలో ఉన్నవాళ్లే బాగా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో కొన్నిటిలో అంత తేడా కనిపించలేదు. నేను పిల్లల్లో చూసింది మాత్రం మొదటి ఫలితాన్నే.

నిద్ర గురించి ఒక్క మాట. మీ వయసుకి రాత్రికి 8 నుంచి 10 గంటలు కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. పడుకునేటప్పుడు ఫోన్ దిండు కింద పెట్టుకోకండి.

ఉత్తరంతో పాటు ఒక లెక్క పంపుతున్నాను. సముద్రపు ఒడ్డున 60 మీటర్ల ఎత్తున్న లైట్‌హౌస్ కొన నుంచి, ఒకే వైపు ఒకే వరసలో ఉన్న రెండు పడవలు 30, 60 డిగ్రీల నిమ్నకోణాల్లో కనిపిస్తున్నాయి. పడవల మధ్య దూరమెంత? ఆగిపోతే ఆగిపోండి, బొమ్మ మళ్లీ గీయండి. జవాబు వచ్చినవాళ్లు, రానివాళ్లు కూడా, మీరు గీసిన బొమ్మలన్నీ నాకు పంపండి. కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో,
మీ లెక్కల టీచర్