ఇంటిపేరు, పేరు, ‘గారు’: ఫారాలు నింపే మనిషి చెప్పే అపోహలు - వాస్తవాలు

పాస్‌పోర్టు, వీసా ఫారాలు నింపిపెట్టడం నా పని. పుట్టిన తేదీ అడిగితే టక్కున చెప్తారు గానీ, "ఇంటిపేరు ఏది, పేరు ఏది" అంటే ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రోజూ నా బల్ల ముందు వినపడే మాటలు ఇవి.

అపోహ: పేరులో చివర ఉన్నదే సర్‌నేమ్.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. పాములపర్తి వెంకట నరసింహారావులో ఇంటిపేరు పాములపర్తి. ఢిల్లీ ఇంగ్లిష్ పేపర్లకు ఆయన రావు, మనకేమో పీవీ. వి.వి.గిరి గారిదీ అంతే, ఇంటిపేరు వరాహగిరి, చివరి గిరి సొంత పేరులోది. పాస్‌పోర్టులోనూ సర్‌నేమే ముందు, గివెన్ నేమ్ తర్వాత, అంటే అచ్చం మన వరసే. అయినా ‘కుమార్’నో ‘రావు’నో తీసుకెళ్లి సర్‌నేమ్ గడిలో కూర్చోబెడతారు, తండ్రికేమో అక్కడ ఇంటిపేరు ఉంటుంది, ఇక వీళ్లిద్దరూ తండ్రీకొడుకులేనని చెప్పడానికి కాగితాల కట్ట మోయాలి. ఇంకొందరు మొత్తం పేరు ఒకే గడిలో రాసి ఇంకో గడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అమెరికా వీసా మీద పేరు బదులు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దానర్థం.

అపోహ: ఇంటిపేరు వింటే కులం తెలిసిపోతుంది.

చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లండీ. కందుకూరు కందుకూరి అయింది, టంగుటూరు టంగుటూరి అయింది. ఊరి చెరువు, ఊరి బడి అంటామే, ఆ ‘రి’నే ఇది. గురజాడ, సర్వేపల్లి లాంటివి ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. ఊరు విడిచి వెళ్లినవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు కదా, అందుకే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో కనిపిస్తుంది. ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికం కలిపేసుకోకండి. ‘రావు’ సంగతీ అంతే, రాజు అనే అర్థంలో వచ్చిన గౌరవపదం, ఎన్నో కులాలవాళ్లు పెట్టుకుంటారు.

అపోహ: పెళ్లయితే అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాల్సిందే.

ఏ చట్టమూ అలా అనలేదు. మార్చుకుంటే మాత్రం ఆధార్, పాన్, బ్యాంకు అన్నిట్లో మార్చండి, సగంలో ఆపితే టెన్షన్ మీదే.

అపోహ: గౌరవపదాలు ఎప్పుడూ పేరులో భాగం కావు.

ఇది సగమే నిజం. ‘గారు’ ఎంత పెద్దవాళ్లకైనా బయటే ఉంటుంది, పైగా అది ఎదుటివాళ్లు అనాల్సిందే, మన పేరుకు మనం తగిలించుకోం. కానీ సోమయాజి అన్నది యాగం చేసినవాళ్ల బిరుదు, తిక్కన సోమయాజి అలా అయినవాడే, ఇవాళ సోమయాజులు అనేది బర్త్ సర్టిఫికెట్‌లో పేరు. రామయ్యలో అయ్య, సుబ్బమ్మలో అమ్మ కూడా ఒకప్పటి పిలుపులే, ఇప్పుడు తీసేస్తే మనిషే మారిపోతాడు. చి., చి.ల.సౌ., కీ.శే. మాత్రం శుభలేఖల మీద, ఫొటోల కింద బాగుంటాయి, ఫారంలో వద్దు. ఒకాయన తండ్రి పేరు గడిలో ముందు ‘లేట్’ అని రాసిచ్చాడు, టైప్ చేసినవాళ్లు దాన్నీ పేరుతో పాటు అలాగే టైప్ చేసేశారు. తమ్ముడి పాస్‌పోర్టులో ఆ లేట్ లేదు. ఇద్దరి తండ్రీ ఒకడేనని ఇప్పుడు అఫిడవిట్ రాయిస్తున్నాం.