వెదురు లావెక్కదు

కనిగిరి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. "సార్, వెదురు పెట్టి మూడేళ్లయింది. గెడలు బొటనవేలి లావు దగ్గరే ఆగిపోయాయి. ఏ మందేస్తే లావెక్కుతాయి?"

ఏ మందేసినా ఎక్కవు. ఆయన చేను గట్టున ఉన్న జామాయిల్ ఏటేటా లావెక్కేది బెరడు కింది కేంబియం అనే పలుచని పొర వల్ల. వెదురు గడ్డిజాతి, దానికి ఆ పొర లేదు. కొమ్ము, అంటే కొత్త మొలక, ఎంత లావున నేలను చీల్చుకొస్తే ఆ గెడ చచ్చేదాకా అంతే.

పాత ట్రాన్సిస్టర్ రేడియో యాంటెన్నా గుర్తుందా? వెదురు కొమ్మును నిలువునా కోస్తే రాబోయే కణుపులన్నీ దగ్గర దగ్గరగా పేర్చినట్టు కనిపిస్తాయి. ఒక్కో కణుపు పైనున్న మెత్తటి భాగంలో కణాలు ఒకటి రెండవుతూ, నీరు తాగి సాగుతూ ఉంటే యాంటెన్నా లాగినట్టు రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు వచ్చేస్తుంది. ఎంత లాగినా అడుగు గొట్టం లావెక్కదు కదా! లాగే చెయ్యి మాత్రం భూమిలో ఉంది. కొమ్ముకు ఆకుల్లేవు కాబట్టి తిండంతా దుంపలోంచి, పాత గెడల నుంచి రావాలి. పొదలో నిల్వ పెరిగేకొద్దీ తర్వాతి ఏడాది వచ్చే కొమ్ములు లావుగా వస్తాయి.

నేనూ ఒకప్పుడు అందినవి కదా అని పొద అంచున ఉన్న లేత గెడలే కొట్టాను. మరుసటేడు పుల్లలు మొలిచాయి. కొట్టాల్సింది లోపలి, మూడేళ్లు దాటిన ముదురు గెడల్ని.

మన మెట్టకు సాధనపు వెదురే నా ఓటు. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన చాలు. ఎండు నేలలో గెడ దాదాపు గట్టిగా పూడుకుని ఉంటుంది, నీళ్లెక్కువైతే బొంగవుతుంది. దొండ పందిరికి, నిచ్చెనకు ఆ కరువు గెడే మేలు. ముళ్ల వెదురు కంచెకు బాగుంటుంది కానీ లోపలి గెడ కొట్టబోతే ఒళ్లు చీరుకుపోతుంది.

ఇంటి దగ్గర వెదురు వద్దంటారు, పాడె గుర్తొస్తుందని. చేట, బుట్ట ఎందుకు గుర్తురావో! వెదురు పూస్తే కరువన్న మాటలో మాత్రం కొంత నిజముంది. 1959లో మిజో కొండల్లో వెదురు గింజలు తిని ఎలుకలు పెరిగిపోయాయి, తర్వాత పంట మీద పడ్డాయి. పూసిన పొద సాధారణంగా చచ్చిపోతుంది. కణుపు ముక్క నాటినా దాని వయసు తల్లి వయసే, తల్లితో పాటే పూస్తుంది. తల్లి పొద వయసు చెప్పలేని నర్సరీలో నేనైతే మొక్క కొనను.