స్లాబు ఇల్లు కాలదనుకున్నాం: మన అపార్ట్‌మెంట్లు, 18 మీటర్ల గీత

మా నాయనమ్మ దృష్టిలో అగ్గి అంటే ఎండాకాలం గుడిసెలు. ఏప్రిల్, మే నెలల్లో ఎవరో పొయ్యిలో నిప్పు చల్లార్చకుండా పనికి పోతారు, మధ్యాహ్నం గాలి లేస్తుంది, సాయంత్రానికి వరుసలో ఒక్క కప్పు కూడా మిగలదు. అందుకే తాటికమ్మల కప్పు పోయి పెంకులు, పెంకులు పోయి స్లాబు పడిన రోజు ఆమె "ఇగ అగ్గి భయం లేదు" అన్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్నాల్లో ఇప్పుడు ఫ్లాట్లు కొంటున్నది ఆ నాయనమ్మల మనవలే, మనవరాళ్లే. మనలో చాలామందికి ఇప్పటికీ లోపల ఆ మాటే ఉంది.

ఆ మాట సగమే నిజం. కాంక్రీటు కాలదు, కానీ దాని లోపల పెట్టుకున్నవన్నీ కాలతాయి: సోఫాలో ఫోము, పరదాలు, వంటింట్లో ప్లైవుడ్డు, ఏసీ కోసం తర్వాత లాగిన వైర్లు. వాటి పొగ పైకి పోవడానికి దారి వెతుక్కుంటుంది, అపార్ట్‌మెంటులో ఆ దారి మెట్లే. మనం దిగాల్సిన దారి కూడా అదే. పొగ ఏం చేస్తుందో పాలమూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచినప్పుడు 9 మంది బయటికి రాలేక అక్కడే చనిపోయారు. వాళ్లలో కేంద్రంలో దారులన్నీ తెలిసిన ఇంజనీర్లున్నారు. అంతకుముందు 2013 అక్టోబరు 30న మన కొత్తకోట దగ్గరి పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఓల్వో బస్సు కాలిపోయి 45 మంది పోయారు. అది ఇల్లు కాదు, నిజమే, కానీ ఆ పొద్దున వార్త విన్నవాళ్లందరూ అడిగింది ఒక్కటే: బయటికొచ్చే దారి ఏమైంది?

ఇక చట్టం సంగతి. దేశం మొత్తానికీ నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఒకటుంది, మొదట 1970లో వచ్చింది, తర్వాత 1983, 2005, 2016లో మార్చారు. అందులో నాలుగో భాగం అంతా అగ్ని, ప్రాణరక్షణ గురించే. 15 మీటర్లు, ఆపైన ఉన్నదాన్ని ఎత్తయిన భవనం అంటుంది ఆ కోడ్. అయితే అది సలహాలాంటిది, రాష్ట్రం తన నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే దానికి పట్టు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో అగ్నిమాపక చట్టం వచ్చింది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తీసుకుంది. కమర్షియల్ అయితే 15 మీటర్ల నుంచి, నివాస భవనం అయితే 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) కావాలని ఆ చట్టం గీత గీసింది. 2012 ఏప్రిల్‌లో 168 నంబరు జీఓతో వచ్చిన బిల్డింగ్ రూల్స్ కూడా 18 మీటర్ల దగ్గరే ఆగి, స్టిల్ట్ పార్కింగు (కింద స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే చోటు) కలిపి కూడా అంతకంటే తక్కువుంటే అది హైరైజ్, అంటే ఎత్తయిన భవనం కిందికి రాదని చెప్పాయి.

ఇక్కడే అసలు కథ మొదలైంది. కింద స్టిల్ట్, పైన అయిదు అంతస్తులు, ఒక్కోటి మూడు మీటర్లకు కాస్త తక్కువ చొప్పున లెక్కేయండి. 18కి జానెడు లోపల ఆగుతుంది. నల్లగొండలో, మిర్యాలగూడలో, జడ్చర్లలో ఏ కొత్త వీధికెళ్లినా కనిపించే ‘స్టిల్ట్ ప్లస్ ఫైవ్’ ఊరికే పుట్టలేదు, ఆ గీత కిందనే పుట్టింది. గీత దాటితే చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ వదలాలి, ఫైరింజన్ తిరగడానికి. దాటకపోతే అంత వదలక్కర్లేదు. బిల్డర్ ఏది ఎంచుకుంటాడో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా బిల్డింగు పక్క సందులో ఒక బైకు నిలబెడితే మనిషి అడ్డం తిరిగి నడవాలి. ఇది తప్పు అనలేను, కాగితం మీద అంతా సక్రమమే, అదే నా బాధ.

ఆ కాగితం కూడా లేనివాళ్ల కోసం వేరే కథ నడిచింది. ప్లాన్ తీసుకున్నాక పెంట్‌హౌస్ లేపడం, స్టిల్ట్‌లో గోడ పెట్టి రెండు షాపులకు కిరాయికివ్వడం మన దగ్గర మామూలు. ప్రభుత్వం వీటిని ఫీజు తీసుకుని క్రమబద్ధం చేస్తానని 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) తెచ్చింది, 2015లో బీఆర్‌ఎస్ అంది (పార్టీ కాదండీ, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్). రెండోదాని మీద కేసులు పడి దరఖాస్తులు ఏళ్ల తరబడి హైకోర్టు దగ్గరే ఆగాయి. ఫీజు కడితే కాగితం మారుతుంది గానీ మెట్లు వెడల్పు కావు కదా.

తర్వాత హైదరాబాద్‌లో వరసగా ఏం జరిగిందో చూడండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో మంటలు, 8 మంది పోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన గదులు, పొగంతా మెట్ల మీదుగా పైకి. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్, 6 మంది, అంతా ఊళ్ల నుంచి ఉద్యోగానికొచ్చిన చిన్న వయసు పిల్లలు. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో మనలాంటి కుటుంబాలుండే అపార్ట్‌మెంటు, కింద రసాయనాల డ్రమ్ములు, పైన 9 మంది. స్వప్నలోక్ పక్కన పెడితే మిగతా రెండూ ఆకాశాన్నంటే టవర్లేం కావు, నాలుగైదు అంతస్తులవి. హైరైజ్ అనగానే మనకు గచ్చిబౌలి గుర్తొస్తుంది, కానీ ఆ టవర్లలో పంపులు, పైపులు, ఫైర్ లిఫ్టు, అలారం ఉన్నాయా అని కనీసం అడిగే చట్టం ఉంది. మన అయిదంతస్తులను అడిగేది ఎవరు?

టవర్లు క్షేమమని కాదు. లండన్‌లో 2017 జూన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు, గోడలకు అందం కోసం, చలి ఆగడానికి అంటించిన పలకలే మంటను పైకి ఎక్కించాయి. ఎవరి ఫ్లాట్లో వాళ్లుండండి, ఫైర్ వాళ్లు వస్తారు అన్న సలహాను నమ్మి ఆగినవాళ్లు అందులో ఉన్నారు. మన దగ్గర కూడా బిల్డింగు ముందు భాగానికి మెరిసే ఏసీపీ షీట్లు (రెండు అల్యూమినియం రేకుల మధ్య వేరే పొర పెట్టిన పలకలు) కొట్టించే ఫ్యాషన్ వచ్చింది, లోపల ప్లాస్టిక్కు ఉందా, మంటకు ఆగే రకమా అని అడిగినవాడిని నేనింకా చూడలేదు.

జిల్లా ఫైర్ స్టేషన్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లకు అలవాటైన పని గడ్డివాములు, జిన్నింగ్ మిల్లులో పత్తి, రోడ్డు మీద లారీ. 101కి ఫోన్ చేస్తే వస్తారు, ప్రాణాలకు తెగించి పని చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ అయిదో అంతస్తు బాల్కనీ దాకా నిచ్చెన అందాలంటే ముందు బండి లోపలికి రావాలి, మా సందు మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టిఫిన్ బండి. మంటలార్పడానికని పైన ట్యాంకులో నీళ్లు విడిగా ఉంచుదామంటే ఎండాకాలం నల్లగొండలో ఎవరు ఒప్పుకుంటారు? మోటారు తిప్పి వాడేసుకుంటాం, నేను కూడా వాడుకున్నాను.

మా అపార్ట్‌మెంటులో మొన్న అసోసియేషన్ మీటింగులో ఈ విషయం ఎత్తాను. గోడకున్న మంటలార్పే సిలిండర్ మీద గడువు అయిపోయి మూడేళ్లు. దాన్ని నింపించడానికి ఫ్లాటుకు ఎంత అనే లెక్క అరగంట నడిచింది. మెట్ల మలుపులో పాత కూలర్, సైకిళ్లు తీయమంటే ఇద్దరికి కోపం వచ్చింది. టెర్రస్ తలుపుకు తాళం ఎందుకు అంటే, పిల్లలు ఎక్కుతున్నారు సార్ అన్నాడు వాచ్‌మన్. మరి తాళంచెవి ఎక్కడుంటుందని అడిగాను. రాత్రి తొమ్మిదికి ఇంటికి పోయేటప్పుడు తన జేబులోనే తీసుకుపోతాడట.