విమానంలో తుపాకీ పేలితే ఏమవుతుంది?

గోడకు చిల్లు పడగానే మనుషులు అందులోంచి బయటికి ఎగిరిపోతారని సినిమాలు మనకు బాగా నూరిపోశాయి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పైలట్లకు తుపాకులు ఇవ్వాలా వద్దా అని అమెరికాలో పెద్ద రచ్చ జరిగినప్పుడూ చాలామందిని భయపెట్టింది ఇదే.

లెక్క మాత్రం వేరేలా ఉంది. 35 వేల అడుగుల ఎత్తులో క్యాబిన్ లోపలికీ బయటికీ ఉండే పీడన తేడా చదరపు సెంటీమీటరుకు అరకిలో బరువు కంటే కాస్త ఎక్కువ. తూటా చేసే రంధ్రం అడ్డంగా ఓ 10 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటే, దాని మీద వేలు పెట్టినప్పుడు బయటికి లాగే బలం అరకిలో కూడా ఉండదు. ఎలాగూ ఇంజిన్ల నుంచి కొత్త గాలి నిరంతరం క్యాబిన్‌లోకి వస్తూనే ఉంటుంది, మిగిలింది తోక వైపున్న వాల్వ్ గుండా బయటికి పోతుంది, చిల్లు పడితే ఆ వాల్వ్ ఇంకాస్త మూసుకుంటుంది, అంతే. కిటికీ మొత్తం ఊడితే మాత్రం కథ వేరు. 2018లో సౌత్‌వెస్ట్ విమానంలో ఇంజిన్ ముక్క తగిలి కిటికీ పగిలి ఒక ప్రయాణికురాలు చనిపోయారు.

చివరికి 2002లో చట్టం వచ్చింది, 2003 నుంచి శిక్షణ పొందిన పైలట్లు కాక్‌పిట్‌లో తుపాకీ పెట్టుకుంటున్నారు. అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. అప్పట్లో కాక్‌పిట్ దాటి బయటికి వచ్చేటప్పుడు తుపాకీకి తాళం వేయాల్సి వచ్చేది, దానికోసం ఇచ్చిన హోల్‌స్టర్‌కు (తుపాకీ పెట్టుకునే ఒరకు) ట్రిగ్గర్ దగ్గర ఒక రంధ్రం, అందులోంచి తాళంకప్ప దూర్చాలి. తుపాకీ లోపలికి పూర్తిగా దిగకపోతే తాళం కడ్డీ ట్రిగ్గర్‌కు వెనక కాకుండా ముందు పడేది, కాస్త నొక్కితే చాలు, పేలేది. 2008 మార్చిలో డెన్వర్ నుంచి షార్లట్ వెళ్తున్న యూఎస్ ఎయిర్‌వేస్ విమానం దిగే ముందు, పైలట్ తుపాకీ సర్దుతుండగా అది పేలి తూటా కాక్‌పిట్ గోడలోంచి బయటికి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, విమానం మామూలుగానే దిగింది. అదే తూటా పక్క పైలట్‌కు తగిలి ఉంటే?

నన్నడిగితే హైజాకర్‌ను ఆపేది ముందు తలుపే. తూటాలను తట్టుకునే కాక్‌పిట్ తలుపులు 2003 నాటికి అమెరికా ప్రయాణికుల విమానాల్లో తప్పనిసరి అయ్యాయి. అదీ నూటికి నూరుపాళ్ళు మేలే అనలేం, 2015లో జర్మన్‌వింగ్స్ విమానం కోపైలట్ ఆ తలుపునే లోపల్నుంచి బిగించుకుని, విమానాన్ని కూల్చి, తనతో కలిపి 150 మంది ప్రాణాలు తీశాడు. అక్కడ తలుపు బయట చిక్కుకుపోయిన కెప్టెన్ దగ్గర తుపాకీ ఉన్నా ఆ తలుపు తెరుచుకునేది కాదు.